కుడివైపు చూడండి

ఆ ఎండాకాలం మా సున్నంబట్టి వీధిలో రోజుకు వందసార్లు నా గొంతు వినిపించేది. నేను ఇంట్లో ఉన్నా వినిపించేది, లేకున్నా వినిపించేది.

కర్నూలు పాతూర్లో హంద్రీ ఒడ్డు నుంచి బజారు దాకా పోయే సన్నటి వీధి మాది. రెండు ఆటోలు ఎదురుపడితే ఒకటి వెనక్కి పోవాల్సిందే. ఫిబ్రవరి నెలాఖర్లో భూపేష్ అనే ఆయన వచ్చి, వీధి గోడల మీద పెద్ద పెద్ద బొమ్మలు వేయిస్తామన్నాడు. పట్టణాన్ని అందంగా చేసే పని ఆయన సంస్థకు ఇచ్చారట. బొమ్మలు చూడ్డానికి వచ్చేవాళ్ళకు వెంట మనిషి ఉండడు. వీధి మొదట్లో ఒక పలక పెడతారు. దాని మీది గుర్తుకు ఫోను చూపిస్తే మ్యాపు వస్తుంది. ఎక్కడ నిలబడాలో, ఎటు తిరగాలో, ఆ బొమ్మ దేని గురించో ఒక గొంతు చెప్తూ పోతుంది. ఆ మాటలు రాసి చదవడానికి ఈ వీధి మనిషే కావాలని ఆయన వెతికాడు. డిగ్రీ చదివి, జిరాక్సు సెంటర్లో దరఖాస్తులు టైపు చేసుకుంటూ కూర్చున్న నేను దొరికాను.

మైకు ముందర నాలుగు మాటలు చదివించి, "నీ గొంతు బాగుండాది క్రిస్టినా. విన్నోళ్ళు నమ్ముతారు" అన్నాడు భూపేష్.

అంతకు ముందు నా గొంతు గురించి ఎవరూ ఏమీ అనలేదు. ఇంటికి పోయి ఆ మాట మా అమ్మకు రెండుసార్లు చెప్పాను.

మా అమ్మ కృపమణి ఒక నర్సింగు హోంలో ఆయాగా పనిచేస్తుంది. మా నాయన గాబ్రియేలు బేతంచెర్లలో బండలు కోసే మిషన్ల దగ్గర ఇరవై ఏళ్ళు పనిచేశాడు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయాక ఇంటి పట్టున ఉన్నాడు. వరద వచ్చిన ఏడు మా ఇల్లు సగం కూలిపోతే, ఒక్కో బండా తెచ్చి మళ్ళీ తన చేతులతోనే కట్టాడు. ఇప్పుడు పది అడుగులు నడిస్తే ఆయాసం. పొద్దంతా వాకిట్లో అరుగు మీద కూర్చుని పోయేవాళ్ళను పలకరిస్తూ ఉంటాడు.

మార్చిలో వెదురు కట్టెలు కట్టి పెయింటర్లు పని మొదలుపెట్టారు. మా ఇంటికి ఎదురుగోడ కడప నుంచి వచ్చిన జెస్సీ అనే అమ్మాయికి వచ్చింది. రెండంతస్తుల గోడ నిండా ఒక ఆడమనిషి ముఖం వేసింది. మొదట కళ్ళు వేసింది. ముక్కూ నోరూ లేకుండా మూడు రోజులు ఆ కళ్ళు మాత్రమే మా వాకిట్లోకి చూస్తూ ఉండేవి. అమ్మ ముగ్గు వేసేటప్పుడు వాటికి వీపు పెట్టి కూర్చునేది.

ఒకరోజు అమ్మ జెస్సీకి చెంబుతో నీళ్ళు ఇచ్చి, "మా గోడకి ఎప్పుడేస్తావు పాపా?" అంది.

"మీ గోడ నా లిస్టులో లేదత్తా."

"మరి మా పక్క ఎవురి గోడకి ఏస్తాండారు?"

జెస్సీ జేబులోంచి మడిచిన కాగితం తీసి చూసింది. ఇంకోసారి చూసింది. "మీ పక్క ఒక్కటి గూడా లేదత్తా. అన్నీ ఈ పక్కయే ఇచ్చినారు."

మా పక్కింటి వాకిట్లో ఇస్త్రీ బండి పెట్టుకునే బొజ్జన్న నవ్వాడు. "మన గోడలకి సున్నానికే దిక్కు లేదు, బొమ్మలు యాడ ఏస్తారక్కా?"

అమ్మ నవ్వలేదు. "పదకొండు ఇండ్లుండాయి. ఒక్క గోడ గూడా బాగలేదా?" అంది. నా వైపు తిరిగి, "నువ్వు ఆడనే పనిచేస్తాండావు గదా, అడుగు" అంది.

ఆ వారమే ఇద్దరు మనుషులు పొద్దున్నే వచ్చి, హంద్రీ వైపు మూడుకాళ్ళ పరికరం నిలబెట్టి, అందులోంచి మా పక్క ఇళ్ళనే చూశారు. ఒకడు అంకె చెప్తుంటే ఇంకొకడు రాసుకున్నాడు. నాయన అరుగు మీంచి, "ఏంటిదప్పా కొలుస్తాండారు?" అని అడిగాడు. "బొమ్మల కోసమే పెద్దాయనా" అన్నారు. వాళ్ళు పోయాక చూస్తే మా పక్క మురుగునీటి మోరీ బండల మీద అక్కడక్కడా ఎర్రటి చుక్కలు ఉన్నాయి. పెయింటర్ల డబ్బాలోంచి కారి ఉంటాయనుకుని అమ్మ మా ముందరివి కిరసనాయిలుతో తుడిచేసింది. రెండో రోజుకు మళ్ళీ ఉన్నాయి. అవే చోట్ల.

మార్చి ఇరవై ఒకటి, శనివారం, భూపేష్ నన్ను ఆఫీసుకు పిలిచి మ్యాపు చూపించాడు. మా వీధి చాలా అందంగా ఉంది. కుడి పక్క పద్నాలుగు బొమ్మలు, ఒక్కోదానికీ ఒక నంబరు. ఎడమ పక్క హంద్రీ నుంచి బజారు దాకా లేతాకుపచ్చ రంగు పట్టీ, దాని మీద నాలుగు చిన్న చెట్లు.

"ఈడ మా ఇండ్లుండాయి గదన్నా" అన్నాను.

"అన్నీ చూపిస్తే మ్యాపు గజిబిజి అయితాది" అన్నాడు. ఇంతలో ఎవరో పిలిస్తే బయటికి పోయాడు.

మ్యాపు కింద ఇంకో కాగితం ఉంది. దాని చివర బయటికి కనిపిస్తోంది. లాగాను. సున్నంబట్టి వీధిని ముప్పై అడుగులకు వెడల్పు చేస్తున్నట్టు నోటీసు. కింద పదకొండు ఇంటి నంబర్లు. నాలుగోది మాది. అన్నిటి కంటే కింద, అభ్యంతరాలు ఉన్నవాళ్ళు ముప్పై రోజుల్లోగా రాతపూర్వకంగా ఇవ్వాలని ఉంది. నోటీసు తేదీ మార్చి పదకొండు. నేను ఆ ఆఖరి వాక్యం చదవలేదని నాకు నేను చెప్పుకోవడానికి తర్వాత చాలా ప్రయత్నించాను. చదివాను. వేళ్ళ మీద లెక్క కూడా పెట్టాను. ఏప్రిల్ పది.

భూపేష్ తిరిగొచ్చి నా చేతిలో కాగితం చూశాడు. కోప్పడలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"దాచిందేం లేదు. మున్సిపల్ ఆఫీసు బోర్డులో అంటించినారు."

"ఆ బోర్డు ఎవురు చూస్తారన్నా?"

"అది నా పని గాదు. నేను బొమ్మలేయించే మనిషిని." మెల్లగా అన్నాడు. "చూడు క్రిస్టినా. కడపలో, ఇంగా నాలుగూర్లలో ఇట్లాంటివి చెయ్యబోతాండాం. అన్నిటికీ నీ గొంతే అనుకుంటాండా. పర్మనెంటు ఉద్యోగం. ఆ రోడ్డు ఇంగా ఖాయం గాలేదు, అయితాదో లేదో. ఇప్పుడే ఇంట్లో చెప్పి మీ నాయన్ని భయపెట్టద్దు. ఊపిరాడని మనిషి."

మా నాయన ఆరోగ్యం సంగతి నేను ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని అన్నం తిన్నాను. చెప్పలేదు. మరుసటి రోజు చర్చిలో నాయన పక్కనే కూర్చుని పాటలు పాడాను. చెప్పలేదు. ఖాయం కాలేదు కదా అనుకున్నాను. నాయన తట్టుకోలేడనుకున్నాను. అవి రెండూ నిజమే కావచ్చు. కానీ నేను అసలు అనుకున్నది, కడపలో నా గొంతు ఎలా ఉంటుందోనని.

ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారం మరుసటి రోజు పలక పెట్టారు. జనం రావడం మొదలైంది. కాలేజీ పిల్లలు, మహానందికి పోతూ దారిలో ఆగినవాళ్ళు, హైదరాబాదు నుంచి కెమెరాలతో వచ్చినవాళ్ళు. బనగానపల్లె మామిడితోట బొమ్మ దగ్గర గుంపులుగా నిలబడేవారు. ఫోన్లు పైకి పట్టుకుని, శబ్దం పెద్దది చేసి, నేను చెప్పినట్టే నడిచేవారు. నేను ఆగమంటే ఆగేవారు. "ఇప్పుడు కుడివైపు చూడండి" అంటే అందరి తలలూ ఒక్కసారి కుడివైపు తిరిగేవి. మా పక్క ఇళ్ళకు వాళ్ళ వీపులు కనిపించేవి.

మాబున్ని అత్తకు ఇదంతా సంబరంగా ఉండేది. మా ఇంటికి ఆ పక్కన కుట్టుమిషను పెట్టుకుని చీరలకు ఫాల్స్ కుడుతుంది. "మన క్రిస్టినా ఈదంతా మాట్లాడతాంది" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. బొజ్జన్న నన్ను చూస్తే చాలు, నా గొంతును అనుకరిస్తూ, "కుడివైపు చూడండీ" అనేవాడు. నేను నవ్వేదాన్ని.

ఈస్టరు వెళ్ళింది. ఏప్రిల్ పదో తేదీ వచ్చింది. ఆ రోజు జిరాక్సు సెంటర్లో గడియారం చూస్తూ కూర్చున్నాను. ఆఫీసులు మూసే వేళ అయ్యాక, ఇంక చెప్పినా ఉపయోగం లేదు అన్న మాట మనసులోకి వచ్చింది. ఆ మాట వచ్చినప్పుడు నాకు కొంచెం తేలికగా అనిపించింది.

ఏప్రిల్ పదహారున మధ్యాహ్నం భోజనానికి వచ్చేసరికి నాయన అరుగు మీద ఉన్నాడు. ఎండకు వీధిలో ఎవరూ లేరు.

"పాపా, ఒక మాట అడుగుతా" అన్నాడు. "పొద్దంతా నీ గొంతు వింటాండా. కుడి పక్క చూడండంటావు. నాలుగు అడుగులు పోయినాక మళ్ళా కుడి పక్కే అంటావు. మనముండేది ఎడమ పక్క గదా. ఒక్కసారన్నా ఈ పక్క చూడమనవు. యాల?"

నేను అరుగు మీద కూర్చున్నాను. కూర్చుని చెప్పాను.

అంతా అయ్యాక నాయన, "గడువు ఎప్పటిదాక?" అన్నాడు.

"అయిపోయింది నాయనా. పదో తేదీతో."

"నీకి తెలిసి ఎన్ని దినాలు?"

"ఇరవై ఆరు."

ఆయన ఊపిరి తీసుకుంటుంటే లోపల ఈల వేసినట్టు శబ్దం వస్తోంది. "అంటే, ఇరవై దినాలుండె" అన్నాడు.

అంతలో ఒక జంట ఫోను పట్టుకుని వచ్చింది. ఆ అమ్మాయి ఎండకు అలసిపోయి, "కాస్త కూర్చోవచ్చా అండీ?" అని అడిగింది. నాయన జరిగి చోటిచ్చాడు. వాళ్ళ ఫోనులోంచి నా గొంతు, ఎదురుగోడ మీది స్త్రీ కళ్ళ గురించి చెప్తోంది. అది పూర్తయ్యేదాకా ముగ్గురితోపాటు నేనూ విన్నాను.

వాళ్ళు పోయాక నాయన అన్నాడు. "నీకి తెల్సినట్టు ఎవురికీ చెప్పద్దు. మీ అమ్మకు గూడా. నోటీసు సంగతి నేను చెప్తా."

"నాయనా..."

"ఈదిలో తిరగాల్సిన పిల్లవి" అన్నాడు. నా ముఖం చూడలేదు.

అబద్ధం ఆడితే సంఘపెద్దగా ఉండకూడదని ఒకప్పుడు తన తమ్ముడినే చర్చి పెద్దల్లోంచి తీయించిన మనిషి ఆయన. ఆ సాయంత్రమే ఇంటింటికీ పోయి, కొలతలు తీసినవాళ్ళలో ఒకడు తనకు చెప్పాడని చెప్పొచ్చాడు. పదకొండు ఇళ్ళకు పోయి రావడానికి రెండు గంటలు పట్టింది. ప్రతి ఇంటి ముందూ కూర్చుని, లేచి, మళ్ళీ నడిచాడు.

మరుసటి రోజు సాయంత్రం అందరూ మాబున్ని అత్త రేకుల కింద చేరారు. ఆఫీసుకు పోయొచ్చిన బొజ్జన్న, గడువు దాటింది కాబట్టి కాగితం తీసుకోలేదని చెప్పాడు. ఆయన చేతిలో ఆ దరఖాస్తు చెమటకు మెత్తబడిపోయింది.

"వారం ముందర ఒక్కరికి తెలిసింటే సాలు పెద్దాయనా" అన్నాడు. "ఆ ఆఫీసు మెట్ల మీదే పండుకుండేవాణ్ణి. ఎత్తి పారేసినా మళ్ళా పోయి పండుకుండేవాణ్ణి." నా వైపు తిరిగాడు. "నువ్వు వాళ్ళ దగ్గరే పనిచేస్తాండావు గదా పాపా. నీ చెవున ఏం పడలేదా?"

నేను నోరు తెరిచేలోపే నాయన, "ఆ పిల్లకేం తెలుసు బొజ్జన్నా" అన్నాడు. అని దగ్గాడు. దగ్గు చాలాసేపు ఆగలేదు. అందరూ ఆయన వీపు నిమరడంలో పడ్డారు. అమ్మ మాత్రం కదలకుండా నన్నే చూస్తోంది.

ఆ తర్వాత మా ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. నాయన అరుగు మీదికి రావడం మానేసి లోపల మంచం మీద పడుకునేవాడు. తలుపు మూసినా నా గొంతు లోపలికి వచ్చేది. ఒకరోజు ఆయన రెండు చెవుల్లో దూది పెట్టుకుని పడుకుని ఉన్నాడు. నన్ను చూసి గబుక్కున తీసేసి, "చెవి పోటు" అన్నాడు.

నాలుగు రోజులు చూశాను. ఐదో రోజు జిరాక్సు సెంటర్లో కూర్చుని, తొమ్మిదో బొమ్మ దగ్గర వినిపించే మాటలు తీసేసి కొత్తవి పెట్టాను. మాటలు మార్చుకోవడానికి భూపేష్ ఇచ్చిన పాస్‌వర్డ్ ఇంకా నా దగ్గరే ఉంది. తొమ్మిదో బొమ్మంటే మా ఎదురుగోడే. ఎవరికీ చెప్పలేదు.

మరుసటి రోజు తొమ్మిది గంటలప్పుడు కాలేజీ పిల్లలు ఆరుగురు వచ్చారు. అమ్మ కొళాయి దగ్గర బిందెతో నీళ్ళు పట్టుకుంటోంది. బొజ్జన్న ఇస్త్రీ చేస్తున్నాడు. మాబున్ని అత్త మిషను తొక్కుతోంది. నేను గడపలో నిలబడి ఉన్నాను. ఫోనులోంచి నా గొంతు వచ్చింది.

"ఇక్కడ ఆగండి. ఇప్పుడు ఎడమవైపు చూడండి. ఈ పక్క బొమ్మలు లేవు. పదకొండు ఇళ్ళున్నాయి. మీ మ్యాపులో వీటి చోట లేతాకుపచ్చ రంగు ఉంటుంది. వీటిని కొట్టేసి రోడ్డు వేస్తారు. అందుకే ఈ గోడలకు బొమ్మలు వెయ్యలేదు. ఇది మా నాయన గాబ్రియేలు కట్టిన ఇల్లు. ఆ పక్కది మాబున్నిది, ఈ పక్కది బొజ్జన్నది. అభ్యంతరం చెప్పడానికి వీళ్ళకు ముప్పై రోజుల గడువుండింది. ఆ సంగతి వీళ్ళకు తెలీదు. నాకు తెలుసు. మార్చి ఇరవై ఒకటిన తెలిసింది. చెప్పలేదు. నా పేరు క్రిస్టినా. ఇంతసేపూ మీకు దారి చెప్పింది నేనే."

ఆరు తలలూ మా వైపు తిరిగాయి. వాళ్ళు నన్ను చూశారు, నేనే అని తెలియకుండా.

మిషను ఆగింది. బొజ్జన్న ఇస్త్రీపెట్టె మూత తీసి బొగ్గులు మోరీలో పోసేశాడు. మడతపెట్టిన బట్టలన్నీ లోపలికి తీసుకుపోయి తలుపు వేసుకున్నాడు. అమ్మ బిందె నిండి నీళ్ళు కాళ్ళ మీద పోతున్నా కొళాయి కట్టెయ్యలేదు. చాలాసేపటికి బిందె అక్కడే వదిలి నా దగ్గరికి వచ్చింది.

"ఉగాది అయిన మూడో దినం" అంది. "ఆ దినం మాబున్ని చింతచిగురు ఇస్తే పప్పు జేసింటి. బాగుండాదని రెండుసార్లు పెట్టించుకుంటివి."

అంతే అంది. లోపలికి పోయింది.

భూపేష్ ఒక్కసారి ఫోను చేశాడు. "ఎంత పని జేసినావు" అని పెట్టేశాడు. మూడో రోజుకు ఆ మాటలు తీసేశారు. అప్పటికే ఎవరెవరో వాటిని తమ ఫోన్లలో రికార్డు చేసుకుని ఊరంతా పంపుకున్నారు. పేపర్లవాళ్ళు వచ్చారు. జనం ఇప్పుడు బొమ్మలకు వీపు పెట్టి మా ఇళ్ళ ఫోటోలు తీసుకుంటుంటే, అది ఇంకా భయంగా ఉండేది. చచ్చిపోయినవాళ్ళను చూడ్డానికి వచ్చినట్టు వచ్చేవాళ్ళు. చివరికి అధికారులు అభ్యంతరాలు మళ్ళీ వింటామన్నారు. మే నెలలో మూడుసార్లు పిలిచారు. బొజ్జన్న మూడుసార్లూ పోయాడు. ముప్పై అడుగులు ఇరవై నాలుగయ్యాయి. ఏడు ఇళ్ళకు మెట్లూ ముంగిలీ పోతే సరిపోతుందన్నారు. మలుపులో ఉన్న నాలుగు పూర్తిగా పోవాల్సిందే. బొజ్జన్నది నిలబడింది. మాబున్ని అత్తదీ మాదీ ఆ నాలుగిట్లో ఉన్నాయి.

మాబున్ని అత్త సామాను కట్టుకుంటూ నన్ను పిలిచి, మిషను మూత మోయించింది. ఆ ఇరవై రోజుల గురించి ఒక్క ముక్క అడగలేదు. బొజ్జన్న మాత్రం నేను ఎదురైతే అవతలి పక్కకు పోయేవాడు. అంత సన్న వీధిలో అవతలి పక్క అంటే ఆరడుగులు.

జూన్ మొదటి వారంలో మాకు తేదీ చెప్పారు. ఆ తేదీకి ముందు రోజు పొద్దున నాయన గడ్డపార తీసుకుని నిచ్చెన ఎక్కాడు.

"కొట్టే మిషను పెడితే కప్పు మీది బండలన్నీ పగిలిపోతాయి. నేనే ఇప్పుకుంటా" అన్నాడు.

"ఊపిరాడని మనిషివి, ఏం జేస్తాండావు?" అని అమ్మ కింద నుంచి అరిచింది. ఆయన దిగలేదు. నేనూ ఎక్కాను. ఆయన ఒక కొస లేపితే నేను ఇంకో కొస పట్టుకున్నాను. రెండో బండకే నా చేతులు జారాయి. బండ విరిగింది. నాయన కూర్చుండిపోయి ఊపిరి కోసం వెతుక్కున్నాడు. హంద్రీ వైపు అప్పటికే మిషను తెచ్చి నిలబెట్టారు. డ్రైవరు దాని నీడలో కూర్చుని పళ్ళు తోముకుంటున్నాడు.

నిచ్చెన కదిలింది. బొజ్జన్న తలకు తువ్వాల చుట్టుకుని పైకొచ్చాడు. నా వైపు చూడలేదు. నాయన చేతిలోంచి గడ్డపార తీసుకుని, "నువ్వు కూర్చోని చెప్పు పెద్దాయనా" అన్నాడు. కిందికి అందుకోవడానికి ఇద్దరు మనుషులను పిలిచాడు. పది గంటలకల్లా సగం కప్పు దిగింది.

నడిమింటి మీది బండ పెద్దది. బొజ్జన్న ఒక్కడే రెండుసార్లు లేపబోయాడు, లేవలేదు.

"ఇంగొక చెయ్యి పడాల" అన్నాడు నాయనతో.

నాయన లేవబోయాడు. ఆయన కంటే ముందు నేను వెళ్ళి బండ పక్కన వంగాను. బొజ్జన్న నన్ను పొమ్మనలేదు. బండ వైపే చూస్తూ తన చేతులు జానెడు పక్కకు జరిపాడు.

"యేళ్ళు కిందికి పెట్టద్దు. నలుగుతాయి" అన్నాడు.

వేళ్ళు తీసి అంచున పెట్టుకున్నాను. ఇద్దరం కలిసి లేపాం.